తెలుగు న్యాయపత్రాల రచన: వ్యాకరణం, స్పష్టత (కదిరి ప్రాంతపు దస్తావేజుల నేపథ్యంలో)

హక్కును, బాధ్యతను, ఒప్పుదలను, వివాదాన్ని చట్టం ముందు నిలిచేలా రాతలో పెట్టడం న్యాయపత్ర రచన. క్రయ దస్తావేజు, తనఖా, వీలునామా, భాగపరిష్కారం, కౌలు ఒప్పందం, ప్రోనోటు, నోటీసు, దావా, జవాబు దావా, వాంగ్మూలం, తీర్పు దీని కిందికి వస్తాయి. ఇందులో వ్యాకరణం అంటే శిష్టరూపాలు పాటించడం ఒక్కటే కాదు. వాక్యంలో కర్త ఎవరు, విశేషణం దేనికి చెందుతుంది, గడువు ఏ రోజుతో ముగుస్తుంది అన్నవి ఒకే విధంగా తేలేలా మాటలను కూర్చడం. రాసినవారూ రాయించినవారూ గతించాక, వారితో ఏ సంబంధమూ లేని మూడో మనిషి చదివినా అదే అర్థం వస్తే ఆ పత్రం స్పష్టంగా ఉన్నట్టు.

శ్రీ సత్యసాయి జిల్లాలోని కదిరి వర్షాధారపు మెట్టనేలల ప్రాంతం. వేరుశనగ ప్రధానమైన పంట. నీరు కరువైన ఈ పీఠభూమిలో బోరుబావిలో వాటా, నీటి వంతు, చేనికి పోయే బండిదారి, గెనిమ (చేనిగట్టు) మీది చింతచెట్టు కూడా దస్తావేజుకు ఎక్కవలసిన ఆస్తులే. ఇలాంటి హక్కులు కంటికి కనిపించే గట్టు మీద కన్నా కాగితం మీది వాక్యం మీదే ఎక్కువగా ఆధారపడతాయి. ఈ ప్రాంతపు పత్రాలలో భాష ఎలా కుదిరింది, ఎక్కడ చిక్కుపడుతుంది, చట్టం దాన్ని ఎలా చూస్తుంది అన్నవి ఈ వ్యాసంలోని విషయాలు.

చరిత్ర: స్మృతుల నుంచి కరణాల దాకా

పత్రం ఎలా ఉండాలో చెప్పే భారతీయ నియమాలు చాలా పాతవి. యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారాధ్యాయంలో లేఖ్య ప్రకరణం ఉంది. పత్రంలో సంవత్సరం, మాసం, పక్షం, తిథి, పేర్లు, తండ్రి పేర్లు ఉండాలని, రుణం తీసుకున్నవాడు తన చేతితో ఒప్పుదల రాయాలని, సాక్షులు తమ తండ్రుల పేర్లతో సహా రాయాలని, చివర లేఖకుడు తన పేరు పెట్టాలని అది చెబుతుంది. ఇప్పటి దస్తావేజులో తేదీ, ఇరుపక్షాల వివరాలు, సంతకం, సాక్షులు, రాసినవారి పేరు అన్న వరుస దానికి దగ్గరగానే ఉంది.

ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. తెలుగులో వెలసిన తొలి వ్యాకరణ గ్రంథంగా పేరున్న ఆంధ్రభాషాభూషణం కూడా ఆయనదే. భాషానియమాలనూ ధర్మశాస్త్రాన్నీ తెలుగులో చెప్పే పనికి ఒకే కవి పూనుకోవడం ఈ విషయపు చరిత్రలో గుర్తుంచుకోదగినది.

రాయలసీమలో రాతపూర్వక హక్కుపత్రాలకు శాసనాలు తొలి సాక్ష్యాలు. రేనాటి చోళుల కాలానికి చెందిన కలమళ్ల, ఎర్రగుడిపాడు శాసనాలు తొలి తెలుగు శాసనాలలోవి. తరువాతి శతాబ్దాల దానశాసనాలలో దాత, గ్రహీత, భూమి కొలత, ఎల్లలు, సాక్షులు, దానాన్ని భంగపరచినవారికి శాపం అన్న అంగాలు స్థిరపడ్డాయి. నిధి, నిక్షేపం, జలం, పాషాణం మొదలైన అష్టభోగాల పట్టిక శాసనాల నుంచి క్రయ దస్తావేజుల్లోకి దిగి నేటికీ నిలిచి ఉంది.

మైసూరు సుల్తానుల తరువాత నిజాం చేతికి వచ్చిన ఈ ప్రాంతం 1800లో ఈస్టిండియా కంపెనీకి దత్తమైంది. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో రైతువారీ పద్ధతిని ఇక్కడ నడిపాడు. పొలం వారీగా, రైతు వారీగా లెక్క రాయడంతో గ్రామ కరణం రాతకు బలం హెచ్చింది. పాలనలోని ఫారసీ, ఉర్దూ మాటలు, పొరుగున ఉన్న కన్నడం, సంస్కృత సమాసాలు, ఇంటి తెలుగు కలిసి దస్తావేజు భాష తయారయింది. ఉద్యోగ జీవితపు తొలి రోజుల్లో కడపలో పనిచేసిన సి.పి. బ్రౌన్ తెలుగులోని ఇలాంటి అన్యదేశ్యాలకు, మిశ్రభాషా పదాలకు ప్రత్యేకంగా ఒక నిఘంటువు కూర్చి 1854లో ప్రచురించాడు. హెచ్.హెచ్. విల్సన్ 1855లో వెలువరించిన న్యాయ, రెవెన్యూ పదకోశంలోనూ తెలుగు మాటలు తెలుగు లిపిలో కనిపిస్తాయి.

కరణాలు గొలుసుకట్టు రాతలో, పదాల మధ్య ఎడం లేకుండా, విరామ చిహ్నాలు లేకుండా రాసేవారు. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. ఆ రాత చదవగలిగినవారు నానాటికీ తగ్గిపోవడంతో పాత దస్తావేజులు చదివించుకోవడమే ఒక పని అయింది.

చిరునామా మారిన భూమి (చూ. జిల్లాల పునర్వ్యవస్థీకరణ)

ఒకే చేను వేరువేరు కాలాల పత్రాలలో వేరువేరు చిరునామాలతో కనిపించడం కదిరి పత్రాలలోని ప్రత్యేక సమస్య. కదిరి తాలూకా 1910 దాకా కడప జిల్లాలో ఉండేది. ఆ ఏడు అనంతపురం జిల్లాలో కలిసింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు పాత తాలూకా గ్రామాలు కదిరి, తలుపుల, నల్లచెరువు, తనకల్లు, గాండ్లపెంట, నంబులపూలకుంట, అమడగూరు, ఓబుళదేవరచెరువు మొదలైన మండలాలలో సర్దుకున్నాయి. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. ఆస్తి పూర్వపు హక్కును చూపే పాత లింకు దస్తావేజులో ‘కడప జిల్లా, కదిరి తాలూకా’ అని, కొత్తదానిలో ‘శ్రీ సత్యసాయి జిల్లా, తలుపుల మండలం’ అని ఉంటే రెండూ ఒకే భూమి గురించేనని పత్రమే చెప్పాలి. ‘పూర్వం ఫలానా జిల్లా, ఫలానా తాలూకా, ప్రస్తుతం ఫలానా మండలం’ అని షెడ్యూలులో రెండు వివరాలూ ఇవ్వడం మంచి పద్ధతి.

దస్తావేజు అంగాలు

క్రయ దస్తావేజులో వరుస సాధారణంగా ఇలా సాగుతుంది. మొదట తేదీ. ఆ తరువాత రాయించుకున్నవారి (కొనేవారి) వివరాలు, రాయించి ఇచ్చినవారి (అమ్మేవారి) వివరాలు. అమ్మేవారికి ఆస్తి ఎలా సంక్రమించిందో చెప్పే పూర్వచరిత్ర. వెల, అది ముట్టిన విధం. స్వాధీనం చేసిన సంగతి. ఇతరుల హక్కులు, బాకీలు లేవన్న హామీ, ఉంటే తీర్చే బాధ్యత. చివరికి షెడ్యూలు, సంతకాలు, సాక్షులు, రాసినవారి పేరు. షెడ్యూలును పాత పత్రాలలో తబ్సీలు అనీ, నాలుగు హద్దులను చెక్కుబంది అనీ అంటారు.

పాత పద్ధతిలో ఇదంతా ఒకే వాక్యం. ‘క్రయ దస్తావేజు ఏమనగా’ అని మొదలై ‘అమ్మియున్నాను గనుక’, ‘ముట్టినందున’, ‘స్వాధీనపరచి’, ‘అనుభవించుకొనునది గాను’ అంటూ అసమాపక క్రియలతో పేజీలకు పేజీలు సాగి చివర ‘సమ్మతిన వ్రాయించి ఇచ్చినది’ అని ముగుస్తుంది. తెలుగులో క్త్వార్థకాలు వాక్యాన్ని ఎంత దూరమైనా లాగగలవు. కాని ‘అమ్మి’, ‘పుచ్చుకొని’, ‘పోయి’ వంటి రూపాలన్నిటికీ ఒకే కర్త ఉండాలన్నది మామూలు నియమం. దస్తావేజులో అమ్మేవారు చేసే పనులూ కొనేవారు చేసే పనులూ కలిసి వస్తాయి. కాబట్టి పొడవైన వాక్యంలో ఈ నియమం తప్పక తెగిపోతుంది. ‘పైకం పుచ్చుకొని స్వాధీనం చేసుకొని అనుభవించుకొనునది’ అన్న వాక్యంలో పైకం పుచ్చుకున్నది ఒకరు, స్వాధీనం చేసుకున్నది మరొకరు. ఒక్కో పనికి ఒక్కో సమాపక క్రియ, ఒక్కో వాక్యానికి స్పష్టమైన కర్త ఉండేలా విడగొడితే తెలుగు దస్తావేజులోని అస్పష్టత చాలావరకు తొలగుతుంది. పాత మాటలను మార్చడం కన్నా ఈ మార్పే ముఖ్యమైనది.

వ్యాకరణ సందిగ్ధతలు

సర్వనామాలు. తెలుగులో ‘వారు’ బహువచనమూ అవుతుంది, ఒక్కరిని గౌరవించి చెప్పే మాటా అవుతుంది. అన్నదమ్ముల పేర్లు చెప్పిన తరువాత ‘వారి భాగానికి వచ్చిన బావి’ అని రాస్తే ఆ బావి ఇద్దరిదా, పెద్దన్న ఒక్కరిదా అన్నది తేలదు. ‘తన’, ‘తమ’ అన్నవి వాక్యపు కర్తను సూచించాలి. కర్త లోపించినప్పుడు అవి ఎవరికైనా అతుక్కుంటాయి. న్యాయపత్రంలో సర్వనామం బదులు పేరునో, ‘అమ్మినవారు’, ‘కొన్నవారు’, ‘1వ భాగస్తుడు’ వంటి నిర్ణీత సంజ్ఞనో ప్రతిసారీ వాడడం పునరుక్తి దోషం కాదు.

మేము, మనము. తెలుగుకు ఉన్న ఈ భేదం న్యాయపత్రానికి మేలు చేస్తుంది. ‘మా ఉమ్మడి బావి’ అంటే రాయించి ఇచ్చేవారిది. ‘మన ఉమ్మడి బావి’ అంటే ఇరుపక్షాలదీ. భాగపరిష్కార పత్రంలో అందరూ ఒకే పత్రంలో మాట్లాడతారు కాబట్టి ‘మనలో’, ‘మన’ సరైనవి. క్రయ దస్తావేజులో అవి చోటు చేసుకుంటే కొనేవారికి ముందే హక్కు ఉందన్న అర్థం వస్తుంది. హైకోర్టుకు వెళ్లే ఇంగ్లీషు అనువాదంలో ఈ భేదం మాయమవుతుంది. కనుక అనువాదకుడు ఎవరెవరో పేర్లతో రాయవలసి ఉంటుంది.

ధాతుజ విశేషణాలు. ‘డబ్బు ఇచ్చిన మనిషి’ అంటే ఇచ్చినవాడు కావచ్చు. ‘నేను’ అన్న కర్తను చెప్పకుండా వదిలితే పుచ్చుకున్నవాడూ కావచ్చు. ‘బాకీ ఇవ్వవలసిన తమ్ముడు’ అన్న మాటకూ ఇదే చిక్కు. పుచ్చుకున్నవారిని చెప్పాలంటే ‘డబ్బు పుచ్చుకున్న’ అని క్రియనే మార్చాలి, లేదా ఇచ్చిన కర్తను ముందు పెట్టాలి.

విశేషణ పరిధి. ‘తూర్పున ఉన్న బావిలోను తోటలోను సగం వాటా’ అన్నప్పుడు తోట కూడా తూర్పుదేనా, సగం రెండింటికీ వర్తిస్తుందా అన్న ప్రశ్నలు పుడతాయి. ‘తూర్పున ఉన్న బావిలో సగం వాటా, పడమట ఉన్న తోటలో సగం వాటా’ అని విడిగా రాస్తే చాలు.

వ్యతిరేకం. ‘వాటాదారులందరూ సమ్మతించలేదు’ అన్న వాక్యానికి ఒక్కరూ ఒప్పుకోలేదన్న అర్థం ఉంది, కొందరే ఒప్పుకున్నారన్న అర్థమూ ఉంది. ‘వాటాదారులలో ఒక్కరూ సమ్మతించలేదు’, ‘వాటాదారులలో ఇద్దరు సమ్మతించలేదు’ అన్న వాక్యాలకు ఆ సందిగ్ధత లేదు. మాటల్లో ఉచ్చారణ చేసే పని రాతలో వాక్యనిర్మాణమే చేయాలి.

కర్మణి ప్రయోగం. ‘విక్రయించబడినది’, ‘చెల్లించబడినది’ వంటి ‘బడు’ రూపాలు తెలుగు పలుకుబడికి సహజం కావు. కార్యాలయాల రాతలోకి ఇవి ఎక్కువగా ఇంగ్లీషు నమూనాల నుంచి వచ్చాయి. వీటితో వచ్చే అసలు నష్టం శైలికి సంబంధించినది కాదు, కర్త మరుగున పడటం. ‘రూ. 50,000 చెల్లించబడినది’ అన్నప్పుడు చెల్లించింది కొనేవారో, వారి తరఫున మరొకరో తెలియదు. ‘కొన్నవారు అమ్మినవారికి రూ. 50,000 చెల్లించారు’ అంటే సందేహం ఉండదు.

మరియు, లేదా, గాని. ఇంగ్లీషు నుంచి వచ్చిన ‘మరియు/లేదా’ అన్న జంట పత్రంలో ఏ అర్థాన్నీ స్థిరపరచదు. ‘భార్య గాని కుమారులు గాని’ అంటే ఎవరో ఒకరు. ‘భార్యయు కుమారులును’ అంటే అందరూ కలిసి. ‘వారిలో ఎవరైనా, లేదా అందరూ కలిసి’ అని చెప్పదలిస్తే ఆ మాటే రాయాలి. విరామ చిహ్నాలకూ హక్కులు మార్చే శక్తి ఉంది. అమెరికాలో మెయిన్ రాష్ట్రపు పాల రవాణా డ్రైవర్ల కేసులో 2017లో అప్పీలు కోర్టు తీర్పు ఒక చట్టపు వాక్యంలో లేని కామా మీద నడిచింది.

పదజాలం: పాత మాటలు, కొత్త మాటలు

సదరు, మజ్కూరు, తనఖా, దస్తూరి, రొక్కం, నిశాని, కబ్జా, రహదారి, లింకు వంటి మాటలు కదిరి పత్రాలలో కలగలిసి ఉంటాయి. వీటిలో తనఖా, కౌలు, నిశాని వంటివి జనం నోట నిలిచినవి. వాటి అర్థం అందరికీ తెలుసు. వాటి స్థానంలో కొత్తగా సంస్కృత సమాసాలు పెట్టడం వల్ల స్పష్టత పెరగదు. మజ్కూరు వంటి మరుగునపడ్డ మాటను ‘పైన చెప్పిన’ అని మార్చితే పెరుగుతుంది. ‘సదరు’ హాని లేని మాటే. అయితే అంతకు ముందు రెండు ఆస్తులు చెప్పి ‘సదరు ఆస్తి’ అంటే అది ఏదో తేలదు.

అలవాటు పదాల వరుసలది వేరే సమస్య. ‘దాన విక్రయ వినిమయ’, ‘పుత్ర పౌత్ర పారంపర్యంగా’ వంటివి అలవాటుగా వస్తాయి. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 8వ విభాగం ప్రకారం వేరే ఉద్దేశం కనిపించనంతవరకు బదిలీ చేసేవారికి ఆస్తిలో ఉన్న హక్కు అంతా బదిలీ అవుతుంది. కాబట్టి అష్టభోగాల పట్టిక లేకపోయినంత మాత్రాన హక్కు తగ్గదు. కాని బోరు, మోటారు, పైపులైను, విద్యుత్ సర్వీసు, నీటి వంతు, చెట్లు వంటివి పేరు పెట్టి చెప్పడం మెట్టప్రాంతంలో అవసరం. వీటి గురించి ఒక్క మాటా చెప్పని పత్రంలో కూడా ‘నిధి నిక్షేప’ వరుస మాత్రం పూర్తిగా ఉండటం చాలాచోట్ల కనిపిస్తుంది.

స్థానిక భూస్వరూపపు మాటలైన వంక, గెనిమ, కయ్య, దిన్నె హద్దుల వర్ణనలో ఉంచవలసినవే. నేల మీద నిలబడి చూసేవారికి వాటి వల్లే హద్దు దొరుకుతుంది.

క్రిమినల్ పత్రాలలో నిందితుడు, నేరస్థుడు అన్న మాటల తేడా పాటించడం తప్పనిసరి. నేరం రుజువు కాకముందు నిందితుడే.

కొలతలు, హద్దులు, తేదీలు

ఆంధ్రప్రదేశ్‌లో భూమిని ఎకరాలు, సెంట్లలో రాస్తారు. ఎకరానికి 100 సెంట్లు, 4,840 చదరపు గజాలు. పక్కనే ఉన్న కర్ణాటకలోను, తెలంగాణలోను ఎకరానికి 40 గుంటలు. దస్తావేజులలో ‘య. 1-05’ అని రాసే అలవాటు ఉంది. ‘య.’ ఎకరాలకు సంక్షిప్తం. ఇక్కడ దీనికి ఒక ఎకరా ఐదు సెంట్లని అర్థం. గుంటల లెక్కలో చదివితే ఒక ఎకరా ఐదు గుంటలు, అంటే ఒక ఎకరా పన్నెండున్నర సెంట్లు. సున్నా వదిలి ‘1-5’ అని రాస్తే ఒకటిన్నర ఎకరాలని చదివే ప్రమాదం కూడా ఉంది. ‘ఒక ఎకరా ఐదు సెంట్లు’ అని అక్షరాలలో రాస్తే మిగతా రెండు చదువులకూ తావుండదు. చెక్కులు, ప్రోనోట్ల విషయంలో అంకెలకూ అక్షరాలకూ తేడా వస్తే అక్షరాలదే చెల్లుబాటు అని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, 1881 చెబుతుంది.

హద్దులను తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం వరుసలో చెప్పడం వాడుక. హద్దుగా పక్క రైతు పేరు ఒక్కటే రాస్తే ఆ చేను చేతులు మారిన నాడు హద్దు పోతుంది. పేరుతో పాటు సర్వే నంబరు, సబ్‌డివిజన్, మారని గుర్తు చేర్చాలి. విస్తీర్ణానికీ హద్దులకూ పొసగనప్పుడు స్పష్టమైన హద్దులకే కోర్టులు సాధారణంగా మొగ్గు చూపుతాయి.

కౌలు గడువుల్లో పంచాంగం తెచ్చే చిక్కు ఉంది. ఈ ప్రాంతంలో కౌలును ‘ఉగాది నుంచి ఉగాది వరకు’ అని మాట్లాడుకోవడం ఆనవాయితీ. 2022 ఏప్రిల్ 2 ఉగాది నుంచి 2023 మార్చి 22 ఉగాదికి 354 రోజులు. అధిక శ్రావణం వచ్చినందున 2023 మార్చి 22 నుంచి 2024 ఏప్రిల్ 9 ఉగాదికి 384 రోజులు. ఏడాదికి మించిన గడువు ఉన్న కౌలుపత్రానికి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి ఈ తేడా చిన్నది కాదు. ఉగాది మాట ఉంచినా పక్కన ఇంగ్లీషు తేదీలు రెండూ రాయాలి. ‘లోపల’, ‘లోగా’, ‘వరకు’, ‘నాటికి’ అన్నవాటిలో చివరి రోజు చేరుతుందో లేదో మాట్లాడుకునేటప్పుడు ఒక్కొక్కరు ఒక్కో విధంగా అనుకుంటారు. ‘31.3.2025వ తేదీతో సహా’ అని రాస్తే వాదన ఉండదు.

చట్టం కోరే స్పష్టత (చూ. రిజిస్ట్రేషన్ చట్టం, 1908)

రిజిస్ట్రేషన్ చట్టం భాష గురించి నేరుగా కొన్ని నియమాలు పెట్టింది. 19వ విభాగం ప్రకారం రిజిస్టరు చేసే అధికారికి తెలియని, జిల్లాలో సాధారణంగా వాడుకలో లేని భాషలో ఉన్న పత్రాన్ని, జిల్లా వాడుక భాషలోకి చేసిన నిజ అనువాదం, నిజ ప్రతి జతచేయకపోతే తిరస్కరించాలి. పంక్తుల మధ్య చేర్పులు, ఖాళీలు, కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉంటే వాటి దగ్గర రాయించి ఇచ్చినవారి సంతకమో పొడి అక్షరాలో ఉండాలని 20వ విభాగం అంటుంది. ఆస్తిని గుర్తించడానికి సరిపోయే వర్ణన లేని పత్రాన్ని స్వీకరించరాదని 21వ విభాగం. స్టాంపుల చట్టం, 1899లోని 27వ విభాగం ప్రకారం సుంకాన్ని ప్రభావితం చేసే వెల, ఇతర సంగతులు పూర్తిగా, నిజంగా పత్రంలో కనిపించాలి.

రికార్డులో ఒక గడిని నింపకుండా వదిలితే ఏమవుతుందో చుక్కల భూముల చరిత్ర చూపుతుంది. బ్రిటిషు కాలపు రీసెటిల్‌మెంటు రిజిస్టరులో పట్టాదారు పేరు ఉండవలసిన చోట కొన్ని సర్వే నంబర్లకు చుక్కలు మాత్రమే పెట్టారు. దాదాపు శతాబ్దం తరువాత ఆ చుక్కల వల్ల భూములు నిషేధిత జాబితాలో చేరాయి, అమ్మకాలు ఆగాయి. వాటిని తేల్చడానికి ఆంధ్రప్రదేశ్ 2017లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది.

అర్థనిర్ణయ సూత్రాలు

షరతులు రాతలో పెట్టాక వాటిని మార్చే నోటిమాటను కోర్టు సాధారణంగా ఒప్పుకోదు. 1872 నాటి సాక్ష్య చట్టంలోని ఈ నియమాలు 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 94, 95 విభాగాలకు వచ్చాయి. పత్రం చదవగానే కనిపించే అస్పష్టతను బయటి సాక్ష్యంతో సరిదిద్దనివ్వరు. పాత చట్టం ఇచ్చిన ఉదాహరణలో గుర్రాన్ని వెయ్యి లేక పదిహేను వందలకు అమ్ముతానని రాస్తే ఏ ధరో చెప్పడానికి సాక్ష్యం చెల్లదు. పత్రం చదవడానికి స్పష్టంగానే ఉండి, నేల మీదికి వెళ్లాక అస్పష్టత బయటపడితే సాక్ష్యం చెల్లుతుంది. ‘నా బోరుబావి’ అని రాసినవారికి రెండు బోర్లు ఉంటే అది రెండో రకం. ‘రెండు లేక మూడు ఎకరాలు’ అని రాస్తే మొదటి రకం.

పరస్పరం పొసగని రెండు షరతులు ఉంటే దస్తావేజులో మొదటిది నిలుస్తుంది. వీలునామాలో చివరిది నిలుస్తుందని భారత వారసత్వ చట్టం, 1925లోని 88వ విభాగం అంటుంది. అదే చట్టం 74వ విభాగం ప్రకారం వీలునామాలో పారిభాషిక పదాలు అక్కరలేదు, ఉద్దేశం తెలిస్తే చాలు. 89వ విభాగం ప్రకారం ఏ నిశ్చితమైన ఉద్దేశమూ తేలని వీలునామా అనిశ్చితి వల్ల చెల్లకుండా పోతుంది. ఇంటి తెలుగులో సూటిగా రాసిన వీలునామాకు చట్టం అడ్డు చెప్పదని ఈ రెండు విభాగాలు కలిపి చదివితే తెలుస్తుంది.

వ్యాజ్యపత్రాలు, వాంగ్మూలాలు, తీర్పులు

దావా ఎలా రాయాలో సివిల్ ప్రొసీజర్ కోడ్, 1908లోని 6వ ఆర్డరు చెబుతుంది. ముఖ్యమైన సంగతులే, సంక్షిప్తంగా, వరుస సంఖ్యల పేరాలలో ఉండాలి. సాక్ష్యాన్ని అందులో కలపకూడదు. తేదీలు, మొత్తాలు, సంఖ్యలు అంకెలలోను అక్షరాలలోను ఉండాలి. 8వ ఆర్డరు జవాబు దావాలోని వ్యతిరేక వాక్యం మీద దృష్టి పెట్టింది. ఎగవేత ధోరణిలో కాదనడం చెల్లదు. స్పష్టంగా కాదనని సంగతిని ఒప్పుకున్నట్టే భావించవచ్చు. ‘లక్ష రూపాయలు తీసుకోలేదు’ అంటే తొంభై వేలు తీసుకున్నాడేమోనన్న సందు మిగులుతుంది. ‘లక్ష రూపాయలు గాని, అందులో ఏ కొంత గాని తీసుకోలేదు’ అన్నది చట్టం కోరే వాక్యం.

వాంగ్మూలంలో సాక్షి నోటిమాట ఎంత దగ్గరగా నిలిస్తే అంత మేలు. ‘కల్లం కాడ చూసినాను’ అన్న మాటను ‘సంఘటనా స్థలమున వీక్షించితిని’ అని మార్చితే సాక్షి చెప్పిన చోటు పోతుంది.

రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టుల భాష ఇంగ్లీషు. 1966 నాటి అధికార భాషా చట్టంతో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు అధికార భాష అయింది. అయినా కింది కోర్టుల తీర్పులు ఎక్కువగా ఇంగ్లీషులోనే వస్తున్నాయి. 2019 నుంచి సుప్రీంకోర్టు తన తీర్పుల అనువాదాలను తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషల్లో అందిస్తోంది. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఒక వీలునామా వివాదంలో ఇంగ్లీషు తీర్పుతో పాటు తెలుగు తీర్పూ వెలువరించింది. తీర్పుల స్పష్టత భాషతోనే తేలే విషయం కాదు. ఇంగ్లీషులో రాసిన ఒక హిమాచల్ ప్రదేశ్ హైకోర్టు తీర్పు అర్థం కాలేదని 2017లో సుప్రీంకోర్టు దాన్ని రద్దు చేసి తిరిగి పంపింది. 2022 ఆగస్టులో భారతీయ స్టేట్ బ్యాంకు కేసులో తీర్పులు ఎలా రాయాలో వివరిస్తూ పేరాలకు వరుస సంఖ్యలు, వివాదాంశం, నియమం, అన్వయం, ముగింపు అన్న క్రమం పాటించాలని చెప్పింది.

విని ఒప్పుకోవడం

కదిరి వంటి చోట్ల చాలామందికి దస్తావేజు మొదట చెవికి చేరుతుంది. రైటరు చదివి వినిపిస్తాడు, విన్నవారు సంతకమో నిశానీయో వేస్తారు. ‘చదివి వినిపించగా విని సమ్మతించినది’ అన్న వాక్యం పత్రం చివర ఉంటుంది. చదువురాని మహిళ రాయించి ఇచ్చిన పత్రం విషయంలో, విషయం అర్థమయ్యాకే ఆమె సంతకం చేసిందని రుజువు చేసే బరువును మేలు పొందినవారి మీదే కోర్టులు పెడుతూ వచ్చాయి. ఒక ఊపిరిలో చదవలేని వాక్యం వినేవారికి అర్థం కాదు. కాబట్టి పొట్టి వాక్యం ఇక్కడ పత్రం చెల్లుబాటుకు కూడా బలం. షరతును చదివాక రాయించినవారినే దాన్ని వారి మాటల్లో చెప్పమనడం మంచి పద్ధతి. వారు చెప్పినదానికీ రాసినదానికీ తేడా ఉంటే సంతకానికి ముందే బయటపడుతుంది.

నమూనాలు, కంప్యూటరు, దిద్దుబాటు

1998లో రిజిస్ట్రేషన్ కార్యాలయాలకు కార్డ్ పేరుతో కంప్యూటర్లు వచ్చాక దస్తావేజులను పుస్తకాల్లోకి చేతితో ఎక్కించే పని తగ్గింది. పత్రాల తయారీ డీటీపీ కేంద్రాలకు చేరింది. చేతిరాత చిక్కులు పోయి కొత్తవి వచ్చాయి. పాత ఫైలు మీదే కొత్త పత్రం కొట్టడం వల్ల ముందు పార్టీల పేర్లు, పాత హద్దులు, ‘కుమారుడు’ ఉండవలసిన చోట ‘కుమార్తె’ మిగిలిపోతాయి. యూనికోడ్ కాని ఫాంట్ల నుంచి మార్చినప్పుడు ఒత్తులు, గుణింతాలు చెదిరి పేర్లే మారిపోతాయి. ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, లింకు దస్తావేజు మూడింటిలోనూ పేరు ఒకే విధంగా లేకపోతే, ‘ఉరఫ్’ అని రెండు రూపాలూ పత్రంలోనే చూపాలి.

పొరపాటు తరువాత తేలితే ఇరుపక్షాలూ కలిసి సవరణ దస్తావేజు రాసి రిజిస్టరు చేయించుకోవచ్చు. అందులో మూల పత్రం నంబరు, తేదీ, తప్పుగా పడిన మాట, దాని స్థానంలో ఉండవలసిన మాట పక్కపక్కన ఉండాలి. ఎదుటిపక్షం ఒప్పుకోకపోతే, మోసం వల్ల గాని ఉభయుల పొరపాటు వల్ల గాని పత్రం అసలు ఉద్దేశాన్ని చెప్పడం లేదని చూపి నిర్దిష్ట పరిహార చట్టం, 1963లోని 26వ విభాగం కింద కోర్టును ఆశ్రయించవచ్చు. తీర్పులోని రాత తప్పులు, లెక్కల తప్పులను సివిల్ ప్రొసీజర్ కోడ్ 152వ విభాగం కింద ఆ కోర్టే ఎప్పుడైనా సరిచేయగలదు. సవరణ పేరుతో కొత్త భూమిని చేర్చినా, విస్తీర్ణం పెంచినా దాన్ని సాధారణంగా కొత్త బదిలీగానే చూస్తారు, స్టాంపు సుంకమూ ఆ మేరకు పడుతుంది.